వచ్చినవాళ్ల లెక్క, మానేసినవాళ్ల లెక్క

చైతన్యపురి మెట్రో స్టేషన్ దగ్గర, స్తంభాల వరస పక్కన నేను రోజూ ఆగే టీ బండి ఒకటుంది. ఆదివారం సాయంత్రం అక్కడ నిలబడితే దిల్‌సుఖ్‌నగర్ అంతా ఎదురుగా నడిచిపోతుంది. గ్రూప్స్ నోట్సు చంకలో పెట్టుకున్నవాళ్లు, హాస్టల్ మారుతూ పరుపు చుట్టి ఆటోలోకి ఎక్కిస్తున్నవాళ్లు, చీరల దుకాణాల సంచులతో మెట్లెక్కే కుటుంబాలు. మొన్న ఆ గుంపులోంచి ఇద్దరు నా దగ్గరకొచ్చారు. అబ్బాయి నల్లగొండ వైపు నుంచి కోచింగ్‌కు వచ్చి ఇక్కడే హాస్టల్లో ఉంటున్నాడు. అమ్మాయి కొత్తపేటలో ఒక ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఇంకో నలుగురిని కూడగట్టుకుని, సరూర్‌నగర్ చెరువు వెనక బస్తీలో కమ్యూనిటీ హాల్లో ఆదివారాలు పిల్లలతో నాటకాలు వేయిస్తున్నారు, బొమ్మలు గీయిస్తున్నారు, డప్పు నేర్పిస్తున్నారు.

"సార్, గీ ఇంపాక్ట్ అన్న కాడ ఏం రాయాలె?" అని అబ్బాయి ఫోను నా ముందు పెట్టాడు.

ఒక కంపెనీ ఇచ్చే సాయం కోసం నింపాల్సిన దరఖాస్తు అది. ఆ గడిలో అప్పటికే ఒక వాక్యం రాసి పెట్టుకున్నారు: వందలాది చిన్నారుల జీవితాల్లో వెలుగులు నింపాం.

"ఎన్ని వందలు?" అన్నాను.

"ముప్పై మంది వస్తరు సార్. ఇరవై వారాలు నడిపినం. మొత్తం ఆరు వందలు" అంది అమ్మాయి. అనేసి తనే నవ్వింది.

ఆమెకు నవ్వొచ్చింది గానీ, ఈ లెక్క వేసేది ఆమె ఒక్కతే కాదు. పెద్ద పెద్ద సంస్థల నివేదికల్లో 'లబ్ధిదారులు' అన్న చోట కనిపించే లక్షల్లో కొన్ని ఇలాగే పుడతాయి. వచ్చిన పిల్లనే వారంవారం కొత్త పిల్లగా లెక్కేస్తే ఎంత చిన్న హాలైనా స్టేడియం అయిపోతుంది.

ఈ ప్రశ్న వాళ్ల దాకా ఎలా వచ్చిందో ముందు చెప్పుకోవాలి. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ ఒకటుంది. 5 కోట్ల రూపాయల నికర లాభమో, 500 కోట్ల నికర విలువో, 1000 కోట్ల టర్నోవరో ఉన్న కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి పనికొచ్చే పనుల మీద ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. ఏయే పనులకు పెట్టొచ్చో చట్టం చివరి ఏడో షెడ్యూల్‌లో రాశారు. కళలు, సంస్కృతి, సంప్రదాయ కళలు అందులో ఉన్నాయి. 2021 జనవరిలో నిబంధనలు మార్చి, ఈ పద్దు కింద సగటున 10 కోట్లు, అంతకుమించి ఖర్చు పెట్టాల్సిన కంపెనీలు కోటి రూపాయలు, అంతకుమించిన ప్రాజెక్టుల మీద బయటివాళ్లతో ప్రభావ అంచనా వేయించాలన్నారు. అదీ ప్రాజెక్టు పూర్తయి ఏడాది గడిచాక.

అంటే మన ఆదివారం క్లాసుకు చట్టప్రకారం ఆ బాధ లేదు. కానీ పెద్దవాళ్ల కొలతలకు కుట్టిన చొక్కానే పిల్లలకూ తొడిగినట్టు, కోటి రూపాయల ప్రాజెక్టు కోసం తయారైన దరఖాస్తే యాభై వేలు అడిగేవాళ్ల చేతికీ వస్తుంది. చేతులు ఎక్కడున్నాయో తెలియక ఇరవై రెండేళ్ల పిల్లలు వెలుగులు నింపాం అని రాస్తారు. తప్పు వాళ్లది కాదు. అలాగని ప్రశ్న తప్పని కూడా నేననను. మా క్లాసు వల్ల ఏమైనా మారిందా అన్నది డబ్బులిచ్చేవాళ్లు అడగకపోయినా, నడిపేవాళ్లు రాత్రి హాస్టల్ గదిలో పడుకుని తమను తాము అడుక్కోవాల్సిన ప్రశ్నే.

పోలికకు మన మెట్రోనే చూడండి. ఎల్‌బీ నగర్ నుంచి అమీర్‌పేట దాకా 2018 సెప్టెంబర్ 24న మొదలైంది. అది జనానికి పనికొచ్చిందా అంటే గేటు దగ్గర కార్డు కొట్టినవాళ్లను లెక్కపెడితే చాలావరకు తెలిసిపోతుంది. జనాన్ని ఎక్కించుకుని దింపడమే దాని పని. నాటకం క్లాసుకు ఆ లెక్క సరిపోదు. పిల్ల హాల్లోకి రావడంతో క్లాసు పని మొదలవుతుందే గానీ పూర్తి కాదు. అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు మూడు సంగతులను విడదీసి చూస్తారు. మనం ఏం చేశాం? పిల్లల్లో ఏం మారింది? ఆ మార్పులో మన వాటా ఎంత? మొదటిది రిజిస్టర్ చెబుతుంది. రెండోది చూసుకుంటే, వింటే తెలుస్తుంది. చిక్కంతా మూడోదానితోనే.

ఆ చిక్కు మన కొత్తపేటలోనే చూపించొచ్చు. ఏళ్ల తరబడి ఇక్కడున్న గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను 2021-22లో బాటసింగారానికి తరలించారు. మామిడి సీజన్‌లో లారీలతో కిక్కిరిసిన ఆ చోటు ఖాళీ అయింది. హమాలీలు, బత్తాయి తొక్కు ఎత్తేవాళ్లు, చుట్టుపక్కల టిఫిన్ బండ్లవాళ్లు, అందరి బతుకులూ కదిలాయి. ఆ ఏడాది పక్క బస్తీలో ఒక బొమ్మల క్లాసు నడుస్తోందనుకుందాం. సగం మంది పిల్లలు రావడం మానేశారు. క్లాసు బాగాలేదా? కాకపోవచ్చు. నాన్న పని పది పదిహేను మైళ్ల అవతలికి పోయి ఉండొచ్చు. తిరగేసి చూడండి. వచ్చిన పిల్లలందరి గొంతూ ఏడాదిలో బాగా విచ్చుకుంది. క్లాసు గొప్పదనమా? పదేళ్ల పిల్లకు పదకొండేళ్లు వచ్చాయి, అంతే కావచ్చు. పిల్లలు మన క్లాసు లేకపోయినా పెరుగుతారు. ఈ చిన్న మాటను ఎంతమంది నిర్వాహకులు మర్చిపోతారో!

మన వాటా ఎంతో తేల్చాలంటే క్లాసుకు రాని, కానీ అన్ని విధాలా అలాంటివాళ్లే అయిన పిల్లలు కావాలి. ఎక్కడ దొరుకుతారు? ఉత్సాహం ఉన్నవాళ్లు వస్తారు, లేనివాళ్లు రారు. ఆ ఇద్దరినీ పోల్చితే తేలేది ఉత్సాహమే గానీ క్లాసు కాదు. దీనికో సులువైన దారి ఉంది, చీట్లు తీయడం. హాల్లో ముప్పై మందికే చోటుండి యాభై మంది పేర్లిచ్చారనుకోండి. 'ముందొచ్చినవాళ్లకే' అనకుండా, సిఫారసులు వినకుండా, అందరి ముందూ చీట్లు తీయాలి. మిగిలిన ఇరవై మందికి వచ్చే బ్యాచ్‌లో తప్పకుండా చోటు. ఈ నాలుగు నెలలూ ఆ ఇరవై మందే మనకు అద్దం. వాళ్లకూ ఉత్సాహం ఉంది, వాళ్లూ ఆ బస్తీ వాళ్లే, తేడా చీటీ ఒక్కటే.

ఇలా చీట్లు తీసి చూసిన చోటు ఒకటుంది. అమెరికాలో ఆర్కాన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్ అనే చిన్న ఊళ్లో 2011 చివర్లో క్రిస్టల్ బ్రిడ్జెస్ అనే పెద్ద చిత్రకళా మ్యూజియం తెరిచారు. చూడటానికి వస్తామని బడులు ఎగబడ్డాయి. అందరికీ ఒకేసారి చోటివ్వలేక లాటరీ తీశారు. ముందు వెళ్లినవాళ్లనూ ఇంకా వెళ్లనివాళ్లనూ కలిపి 123 బడుల్లో 10,912 మంది పిల్లలను పరిశోధకులు పరీక్షించారు. వెళ్లొచ్చిన పిల్లలు అంతకుముందెన్నడూ చూడని బొమ్మను ముందు పెట్టినా, అందులో ఏముందో ఇంకాస్త నిదానంగా చూసి రాయగలిగారు. పల్లెల పిల్లల్లో, పేదపిల్లల్లో ఈ మార్పు మరింత ఎక్కువగా కనిపించింది. అదంతా ఒక్క పూట సందర్శనతోనే.

ఆ పరిశోధకుల్లో ఇద్దరు, డేనియల్ బోవెన్, బ్రయాన్ కిసిడా, తర్వాత హ్యూస్టన్ నగరంలో 42 బడుల మీద ఇదే పని చేసి 2019లో ఫలితాలు చెప్పారు. 10,548 మంది పిల్లలు. సగం బడులకు నాటకం, సంగీతం, నాట్యం, చిత్రకళ అదనంగా అందాయి, సగానికి అందలేదు. ఎవరికన్నది లాటరీయే. కళలు అందిన బడుల్లో క్రమశిక్షణ చర్యలకు గురైన పిల్లల శాతం 3.6 పాయింట్లు తగ్గింది. అంటే వందమందిలో ముగ్గురో నలుగురో. రాయడంలో మార్కులు కొంత పెరిగాయి, తోటివాళ్ల పట్ల దయ కొంత పెరిగింది.

ఈ 'కొంత' దగ్గర ఆగాలి. అంత డబ్బుతో, అన్ని బడుల్లో, మంచి గురువులతో ఏడాదులు పనిచేస్తే వందకు ముగ్గురు నలుగురు. ఇది నిజాయితీగా కొలిస్తే వచ్చే లెక్క, చిన్నదేం కాదు. దీన్ని పక్కన పెట్టుకుని, మన దగ్గర 'తొంభై ఐదు శాతం పిల్లల్లో ఆత్మవిశ్వాసం పెరిగింది' అని ఫ్లెక్సీ మీద అచ్చేసే నివేదికలు చదవండి. నాకైతే తొంభై దాటిన శాతం కనబడితే ముందు అనుమానం, తర్వాతే అభినందన.

ఇంకో దేశం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది మన బస్తీలకు బాగా తగులుతుంది. వెనిజులాలో 1975లో హోసే ఆంటోనియో అబ్రెయూ మొదలుపెట్టిన ఎల్ సిస్తెమా అనే సంగీత ఉద్యమం ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. పేదపిల్లల చేతికి వయొలిన్ ఇస్తే బతుకు మారుతుందన్నది దాని నమ్మకం. 16 సంగీత కేంద్రాల్లో, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలు 2,914 మంది మీద చేసిన అధ్యయనం 2017లో అచ్చయింది. పిల్లల్లో నిగ్రహం కాస్త పెరిగిందని తేలింది. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి బయటపడింది. ఆ ప్రాంతాల్లో ఆ వయసు పిల్లల్లో పేదలు 46.5 శాతమైతే, కేంద్రాల్లో చేరిన పిల్లల్లో పేదలు 16.7 శాతమే. పేదపిల్లల కోసం తెరిచిన తలుపులోంచి కాస్త కలిగినవాళ్ల పిల్లలే ఎక్కువ మంది లోపలికొచ్చారు.

దీన్ని దిల్‌సుఖ్‌నగర్‌లో ఊహించుకోవడం కష్టమేం కాదు. చెరువు వెనక బస్తీ కోసమని క్లాసు పెడతారు. వాట్సాప్ గ్రూపులో సమాచారం పెడతారు. ఆ గ్రూపులో ఉన్నది అపార్ట్‌మెంట్ల తల్లిదండ్రులు. మూడో వారానికి హాలు ముందు స్కూటీలు బారులు తీరతాయి. రిజిస్టర్ నిండుతుంది. ఎవరి కోసం మొదలుపెట్టారో వాళ్లు గోడవతల పతంగులు ఎగరేస్తుంటారు. అందుకని హాజరు లెక్కలో తలల కంటే ముందు ఇళ్లు చూడాలి, ఏ గల్లీ నుంచి ఎందరు అని.

ఇన్ని వేల మంది పిల్లల మీద అధ్యయనాలు చెబితే ఆ ఇద్దరూ బిక్కమొహం వేశారు. "మాతోటి గిన్ని అయితయా సార్?" కావు, అక్కర్లేదు కూడా. ముప్పై మందితో శాస్త్రం తేల్చలేం. కానీ మనల్ని మనం మోసం చేసుకోకుండా ఉండొచ్చు. దానికి రెండు మూడు చిన్న అలవాట్లు చాలు.

ఒక ఆదివారం వాళ్ల క్లాసు చూడటానికి వెళ్లాను. పిల్లలు నీళ్ల ట్యాంకర్ మీద నాటకం కడుతున్నారు. బిందెల వరస, వరసలో తగువు, హారన్, ట్యాంకర్ డ్రైవర్. డ్రైవర్ వేషం ఏడో తరగతి చదివే సన్నటి అమ్మాయిది. మిగిలిన పిల్లలు హాలు నడుమకు వచ్చి అరుస్తుంటే, ఆ పిల్ల వీపు గోడకు ఆనించుకుని, చెప్పుల వైపు చూస్తూ, "జరగండి, పైపు తీయాలె" అన్న ఒక్క మాటను గొంతులోనే నమిలి మింగింది. డప్పు పట్టుకున్న పిల్లాడు ఆగి ఆమె వైపు చూశాడు. మళ్లీ అంది. ఈసారి చెయ్యి ఎత్తి పైపు తీసినట్టు గాల్లో లాగింది. చెయ్యి కదిలేసరికి గొంతు కూడా కదిలింది. అవతలి గోడ దాకా కాకపోయినా డప్పు దాకా వినబడింది.

"ఈ పిల్ల మొదట ఎట్లా ఉండేది?" అని అడిగాను. "అస్సలు మాట్లాడేది కాదు సార్" అన్నారు. "ఎప్పటి నుంచి మాట్లాడుతోంది?" ఒకరు దసరా తర్వాత అన్నారు, ఒకరు మొన్న మొన్ననే అన్నారు. రాసుకున్నవాళ్లు లేరు. వాళ్ల చేతుల్లో ఉన్న అసలైన మార్పు అది. దానికి మొదటి రోజు ఆనవాలే లేదు.

కాబట్టి మొదటి అలవాటు, మొదటి రోజు ఆనవాలు దాచుకోవడం. ప్రతి పిల్లనూ హాలు ఒక చివర నిలబెట్టి, అవతలి గోడ దగ్గరున్న స్నేహితురాలికి వినబడేలా తన పేరు, తన గల్లీ పేరు, పొద్దున ఏం తిన్నదీ చెప్పమనాలి. ఫోను ఆ అవతలి గోడ దగ్గరే పెట్టి రికార్డు చేయాలి. ఆఖరి ఆదివారం మళ్లీ అదే హాలు, అదే గోడ, అవే మాటలు. బొమ్మలైతే మొదటి వారం 'మా వాకిలి' గీయించి దాచాలి, చివరి వారం మళ్లీ 'మా వాకిలి'యే గీయించాలి.

వాటిని చూసేది మాత్రం క్లాసు నడిపినవాళ్లు కాకూడదు. ప్రేమ కళ్లకు అన్నీ ఎదిగినట్టే కనిపిస్తాయి. తేదీలు వెనకవైపు రాసి, బొమ్మలన్నీ పేకముక్కల్లా కలిపేసి, పిల్లలెవరో తెలియని ఇద్దరు ముగ్గురు డ్రాయింగ్ టీచర్ల ముందు పెట్టాలి. వాళ్లు ఎవరికి వారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా మార్కులు వేయాలి. సృజన మీద పనిచేసిన తెరెసా అమాబిలె అనే మనస్తత్వవేత్త 1982లో ఈ దారిని శాస్త్రంగా నిలబెట్టారు. సృజన అంటే ఏమిటో నిర్వచించలేకపోయినా, ఆ పని తెలిసిన నలుగురు విడివిడిగా చూసి ఒకే బొమ్మను మెచ్చుకుంటే దాన్ని నమ్మొచ్చన్నది అందులోని కిటుకు. పిల్లల పోటీలకు న్యాయనిర్ణేతగా కూర్చున్నప్పుడు, 'ఆ మూడో నంబరు మనవాళ్ల పాప' అని నిర్వాహకులు చెవిలో చెప్పిన అనుభవం నాకుంది. అందుకని తేదీలు, పేర్లు వెనకవైపు ఉండటం ఎందుకు ముఖ్యమో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ప్రశ్నపత్రాలతో ఇంకో తమాషా ఉంది. మొదటి వారం ఒక పిల్లాడిని 'స్టేజీ మీద మాట్లాడటం నీకు పదికి ఎంత వచ్చు?' అంటే తొమ్మిది అంటాడు. నాలుగు నెలలు నాటకం వేశాక అదే ప్రశ్నకు ఆరు అంటాడు. కాగితం మీద చూస్తే క్లాసు వాడిని చెడగొట్టింది! నిజానికి స్టేజీ అంటే ఏమిటో వాడికి ఇప్పుడే తెలిసింది. మాట మింగకుండా పలకడం, అవతలివాడి మాట వినడం, జనానికి వీపు చూపకపోవడం, ఇవన్నీ ఉన్నాయని తెలిశాక తొమ్మిదిని తనే ఆరుకు దించుకున్నాడు. కొలిచే కర్రే మధ్యలో మారిపోయింది. దీనికి విరుగుడుగా చివర్లోనే రెండు ప్రశ్నలూ అడుగుతారు: 'ఇప్పుడెంత? అప్పుడు నిజానికి ఎంత ఉండేది?' దీనిలోనూ లోపముంది. అడిగేది తనకిష్టమైన అన్నో అక్కో అయితే పిల్లలు వాళ్లను సంతోషపెట్టే జవాబే చెబుతారు. ఇంకో క్లాసు వాళ్లు వచ్చి అడిగితే కాస్త నయం.

ఇక అన్నిటికంటే పనికొచ్చేదీ, ఎవరూ నివేదికలో రాయనిదీ చెబుతాను. రిజిస్టర్ మొదటి పేజీనీ చివరి పేజీనీ పక్కపక్కన పెట్టి, మొదట ఉండి చివర లేని పేర్లకు గీత గీయండి. ఆ ఇద్దరూ టీ బండి దగ్గరే ఫోనులో ఆ పని చేశారు. గీత పడిన పేర్లలో ఎక్కువ ఆడపిల్లలవి, అదీ ఏడు, ఎనిమిది తరగతులవి. అమ్మాయి కొంచెంసేపు మాట్లాడలేదు. క్లాసు సాయంత్రం ఐదున్నరకు మొదలై ఏడున్నరకు అయిపోతుంది. చలికాలం ఆ వేళకు చెరువు పక్క దారి చీకటి. కోచింగ్ క్లాసులు అయ్యాకే నడిపేవాళ్లకు తీరిక కాబట్టి ఆ వేళ పెట్టుకున్నారు. వాళ్ల తీరిక ఆ పిల్లల చీకటైంది. ఇది తెలుసుకోవడానికి ఏ ఏజెన్సీకీ డబ్బులివ్వక్కర్లేదు. మానేసిన నలుగురి ఇళ్లకు వెళ్లి, అమ్మ పెట్టిన చాయ్ తాగి, ఎందుకు పంపడం లేదో వినొస్తే చాలు.

మానేసినవాళ్లను వదిలేసి పైకొచ్చినవాళ్లను చూపించే అలవాటు మనకు బాగా ఉంది. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా ఇంటింటికీ తెలిసిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. తర్వాత హైదరాబాదులోనూ ఆ పని సాగింది. ఆ సంఘం గురించి ఎవరు మాట్లాడినా అందులో ఆడిపాడి తర్వాత పేరు తెచ్చుకున్నవాళ్ల జాబితానే చెబుతారు. ఆ జాబితా నిజమే. కానీ పేరు తెచ్చుకోకుండా బ్యాంకులోనో బడిలోనో పనిచేసి, పిల్లలకు కథ చెప్పేటప్పుడు గొంతు మార్చి చెప్పిన వేలమంది సంగతి? నా దృష్టిలో అన్నయ్య, అక్కయ్యల అసలు పంట అది. దాన్ని కొలిచినవాళ్లు లేరు. ఇప్పుడు టీవీ డ్యాన్స్ షోలో ఒక పిల్లాడు కనబడగానే వాడు నేర్చుకున్న సంస్థ గల్లీగల్లీకి ఫ్లెక్సీ కట్టేస్తుంది. వాడితో పాటు ఫీజు కట్టిన మిగిలినవాళ్లు ఏమయ్యారో ఆ ఫ్లెక్సీ చెప్పదు.

ఫ్లెక్సీ అంటే గుర్తొచ్చింది. 'యువత ఆధ్వర్యంలో' అన్న మాట ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఎప్పుడు చూసినా నాలుగు చోట్ల కనిపిస్తుంది. ఫొటోల్లో యువనేతల వయసు నలభై ఐదు దాటి ఉంటుంది. 2014 జాతీయ యువజన విధానం ప్రకారం యువత అంటే 15 నుంచి 29 ఏళ్లవాళ్లు. వయసు సరిపోయినంత మాత్రాన వాళ్లే నడుపుతున్నట్టూ కాదు. రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో యునిసెఫ్ కోసం ఒక నిచ్చెన గీశాడు, ఎనిమిది మెట్లది. కింది మూడు మెట్ల మీద పిల్లలు బొమ్మలుగా, అలంకారంగా, పేరుకు మాత్రమే ఉంటారు. పైమెట్ల మీద ఆలోచన వాళ్లదే, నిర్ణయం వాళ్లదే, పెద్దలు తోడుంటారు. మన దగ్గర ఏ మెట్టు మీదున్నామో తేల్చుకోవడానికి రెండు ప్రశ్నలు చాలు. హాలు తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది? డబ్బులు ఎవరి ఫోన్‌పేలో ఉంటాయి?

యువత నడిపే కార్యక్రమంలో మారేది పిల్లలొక్కరే కాదు, నడిపేవాళ్లు కూడా. కార్పొరేటర్‌తో మాట్లాడి హాలు ఇప్పించుకోవడం, పెద్దమనుషులకు కోపం రాకుండా వద్దని చెప్పడం, రంగుల డబ్బాల బిల్లు దాచిపెట్టడం, ముప్పై మంది పిల్లలను గంటసేపు అరవకుండా ఆపడం. గ్రూప్స్ సిలబస్‌లో ఇవేవీ లేవు. ఏ దరఖాస్తులోనూ వీటికి గడి ఉండదు. నేను వాళ్లను ఆరు నెలలకోసారి ఒక పేజీ రాసుకోమన్నాను: పోయినసారి భయపడి ఈసారి భయపడకుండా చేసిన పని ఏది?

దిల్‌సుఖ్‌నగర్‌కు ప్రత్యేకమైన కొలత ఇంకొకటుంది. ఇది వచ్చిపోయేవాళ్ల ఊరు. నోటిఫికేషన్ వస్తే నిండుతుంది, ఫలితాలొస్తే ఖాళీ అవుతుంది. క్లాసు మొదలుపెట్టిన అబ్బాయికి ఉద్యోగం వస్తే ఏ ఆదిలాబాదుకో పోతాడు, రాకపోతే ఇంటికి పోతాడు. ఎలాగైనా పోతాడు. అతను పోయాక నాలుగో ఆదివారం హాలు తలుపు తెరుచుకుందా? ఈ బస్తీ పిల్లల్లోంచే ఎవరైనా తాళంచెవి అందుకున్నారా? వేరే ఏ కొలతా వద్దనుకున్నా ఇదొక్కటి చూస్తే, నాకు క్లాసు సంగతి సగం తెలిసిపోతుంది.

ఇప్పుడు కొలతలకు లొంగని సంగతి. తెలుగునాట కళ ఏం చేయగలదో చూపించిన గొప్ప ఉదాహరణ నెల్లూరు జిల్లాది. 1990-91లో అక్కడ అక్షర దీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. కళాజాతా బృందాలు, ఎక్కువగా కుర్రకారు, పాటలు పాడుకుంటూ, వీధి నాటకాలు వేసుకుంటూ ఊరూరూ తిరిగాయి. రాత్రి బడుల్లో ఆడవాళ్లు పలకలు పట్టారు. వాచకంలో సీతమ్మ కథ ఒక పాఠం, సారా వల్ల నష్టపోయిన ఇల్లాలి కథ. అది చదువుకున్న దూబగుంట అనే ఊరి ఆడవాళ్లు పలక పక్కన పెట్టి సారా కొట్టు మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం. తర్వాత రెండేళ్లకే దాన్ని సడలించారనుకోండి, అది వేరే కథ.

ఆ కళాజాతాలకు ఎవరైనా ఈ దరఖాస్తు ఇచ్చి నింపమంటే ఏం రాసేవారు? ఇన్ని ఊళ్లు, ఇన్ని ప్రదర్శనలు, ఇంతమందికి సంతకం వచ్చింది. సారా వేలం ఆగిపోవడానికి అందులో గడి లేదు. అది ఎవరి లక్ష్యంలోనూ లేదు కాబట్టి ఎవరి పట్టికలోనూ ఉండదు. ఆ మార్పు పాట వల్ల వచ్చిందా, పాఠం వల్లా, రాత్రిపూట పదిమంది ఆడవాళ్లు ఒకచోట కూర్చునే వీలు చిక్కడం వల్లా అంటే విడదీసి చెప్పలేం. మూడూ కలిశాయి, ఆడవాళ్ల కడుపుమంట వాటికి తోడైంది.

ఇలాంటి ఊహించని మార్పులను పట్టుకోవడానికి ఒక పద్ధతి పొరుగున ఉన్న బంగ్లాదేశ్‌లో పుట్టింది. 1990లలో రిక్ డేవిస్ అనే ఆయన అక్కడి పల్లె కార్యక్రమాల్లో గడులు తీసేసి ఒకే ప్రశ్న పెట్టాడు: ఈ మధ్యకాలంలో మీకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన మార్పు ఏది, ఎందుకు? జనం కథలు చెబుతారు. వాటిలోంచి ముఖ్యమైనదాన్ని నలుగురూ కూర్చుని వాదించుకుని ఎంచుతారు, ఎందుకు ఎంచారో రాస్తారు. ఆ వాదనలోనే, ఎవరికి ఏది విలువో బయటపడుతుంది. మన బస్తీలో ఇదే అడిగితే తల్లి 'మా పిల్ల చుట్టాలొస్తే లోపలికి ఉరకట్లేదు' అనొచ్చు, పిల్ల మాత్రం 'మా అన్న నా డప్పు మోసుకొచ్చిండు' అనొచ్చు. రెండోది నాకు ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది. మీకు అనిపించకపోవచ్చు.

కథలకూ జాగ్రత్త కావాలి. పిల్ల కష్టాన్ని అమ్మి సాయం తెచ్చుకోవడం సులువు. ఏడుస్తున్న పిల్ల ఫొటోకు వచ్చినంత డబ్బు పైపు లాగుతున్న పిల్ల ఫొటోకు రాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలనే అంటుంది. వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల ఒప్పుకోలు ఉండాలంటుంది. చట్టం సంగతి అటుంచినా, అవతలి గోడ దగ్గర రికార్డు చేసిన ఆ గొంతులు క్లాసు గోడలు దాటకపోవడం మర్యాద.

కొలత మోతాదు మించితే క్లాసునే తినేస్తుంది. రెండు గంటల ఆదివారంలో అరగంట ఫారాలకు పోతే నాటకం ఎప్పుడు కడతారు? పైగా, ఏదైనా ఒక అంకె మీద డబ్బు ఆధారపడితే జనం ఆ అంకెనే వండుతారని డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970లలోనే హెచ్చరించాడు. ర్యాంకుల ఫ్లెక్సీల మధ్య బతికే మనకు ఆయన చెప్పక్కర్లేదు. ఇక్కడ ఒకటో ర్యాంకు ఎన్ని కాలేజీల గోడల మీద ఉంటుందో రోడ్డు దాటేటప్పుడు లెక్కపెట్టుకోవచ్చు.

టీ బండివాడు స్టవ్ ఆర్పేసే వేళకు దరఖాస్తు పూర్తయింది. వెలుగులు నింపిన వాక్యం కొట్టేశారు. పిల్లలు ముప్పై మంది అని రాశారు, ఆరు వందలు కాదు. 'ఎదురైన సవాళ్లు' అన్న గడిలో చెరువు పక్క దారి సంగతి, మానేసిన ఆడపిల్లల సంఖ్య, క్లాసును మధ్యాహ్నం మూడింటికి మారుస్తున్న సంగతి రాశారు. అబ్బాయి పంపే మీట మీద వేలు పెట్టి ఆగాడు.

"ఇట్ల రాస్తే పైసలిస్తరా సార్?"

"ఏమో" అన్నాను. పంపాడు.

జవాబు ఇంకా రాలేదు. కొత్త బ్యాచ్ మాత్రం మొదలైంది. మొదటి ఆదివారం మధ్యాహ్నం నేను వెళ్లేసరికి అమ్మాయి అవతలి గోడ దగ్గర కుర్చీ మీద ఫోను నిలబెడుతోంది. ఇవతలి చివర ఎనిమిదేళ్ల పిల్లాడు చేతులు కట్టుకుని నిలబడి తన పేరు చెప్పాడు, గల్లీ పేరు చెప్పాడు. పొద్దున తిన్నది చెప్పబోతుండగా బయట నీళ్ల ట్యాంకర్ హారన్ కొట్టింది. పిల్లలందరూ కిటికీ దగ్గరికి ఉరికారు.

"మళ్లా చెప్పు నాన్నా, వినబడలే" అంది అమ్మాయి.